చోమన దుడి, నేను చూడని మూడు నాటకాలు

మా రావిర్యాలలో రాత్రిపూట వినిపించే చప్పుళ్ళు రెండే. ఒకటి శంషాబాదులో దిగబోతూ ఇళ్ళ మీదుగా వంగే విమానాలది, రెండవది ఔటర్ రింగు రోడ్డు మీద పరుగెత్తే లారీలది. ఈ రెండింటికీ చెవులు అలవాటు పడిపోయాయి. కిందటి నెలలో ఒక రాత్రి మూడవ చప్పుడొకటి వినిపించింది. ఊళ్ళో ఎవరో ముసలాయన కాలం చేస్తే డప్పు కొడుతున్నారు. విమానం వచ్చినప్పుడు దాని హోరులో డప్పు మునిగిపోవడం, అది దాటిపోగానే మళ్ళీ అదే దరువు అందుకోవడం వింటూ మేడ మీద చాలాసేపు నిలబడిపోయాను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, ఎప్పుడో ఇరవయ్యేళ్ళ క్రితం చూసిన కన్నడ చిత్రం 'చోమన దుడి'. ఆ చిత్రాన్ని తీసిన బి.వి. కారంత్ గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఆ బాకీ ఈ టపాతో కొంతైనా తీర్చుకుంటాను.

చిత్రం చూడనివారి కోసం రెండు మాటలు. శివరామ కారంత్ 1933లో రాసిన నవల దీనికి మూలం (నవలాకారుడు, దర్శకుడు వేరు వేరు కారంతులు). చోముడు దళితుడు, జీతగాడు. అతనికి జత ఎడ్లున్నాయి గానీ దున్నడానికి సెంటు భూమి లేదు. అంటరానివాడికి సేద్యం తగదన్నది ఆ ఊరి కట్టు. కాఫీతోట అప్పు కింద పిల్లలు ఒక్కొక్కరే నలిగిపోతారు. చోముడికి కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా, కాస్త సంతోషం కలిగినా చెప్పుకునే భాష ఒక్కటే, గోడకు తగిలించిన దుడి. చివరకు తలుపు మూసుకొని దాన్ని వాయిస్తూనే ప్రాణం విడుస్తాడు. 1975లో వచ్చిన ఈ చిత్రానికి ఆ ఏటి ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. చోముడి వేషం వేసిన వాసుదేవరావు గారికి ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది.

మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఒకరున్నారు. విమానాశ్రయం 2008లో మొదలు కాకముందు, ఈ చుట్టుపక్కల చెలకలు ప్లాట్లుగా మారకముందు ఆయన జీతం చేసినవాడు. మర్నాడు పొద్దున ఆయనకు నా ఫోనులో 'చోమన దుడి' కొంత చూపించాను. కన్నడం ఆయనకు ఒక్క ముక్క రాదు. చివరి ఘట్టం అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసి, "భూమి అడిగినోనికి డప్పు మిగిలిందన్న మాట" అన్నాడు. నేను చదివిన ఏ సమీక్షలోనూ ఆ చిత్రం సారం ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

ఇదంతా సినిమా మహిమే కదా! అరవైలు దాటిన మనిషి, ఎక్కడో దక్షిణ కన్నడ జిల్లా కథను, రావిర్యాలలో కొట్టు అరుగు మీద కూర్చొని, తీసిన అర్ధశతాబ్దం తరువాత చూసి తనదిగా చేసుకున్నాడు. నాటకానికి ఈ భాగ్యం లేదు. నేను చెప్పదలచుకున్న విషయం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. కారంత్ గారి జీవితాన్ని మనం సినిమాల లెక్కలో చదివి అర్థం చేసుకున్నామనుకుంటున్నాం. నిలిచి ఉన్నది మనకు కనబడుతున్నది, కనబడుతున్నదే ముఖ్యమైనదని భ్రమపడుతున్నాం. ఆయన మాత్రం తన జీవితంలో పెద్ద వంతు నిలవని దానికే ఇచ్చారు. తెలిసే ఇచ్చారు.

సినిమాల లెక్క ఇలా ఉంటుంది. 1971లో గిరీశ్ కర్నాడ్‌తో కలిసి 'వంశవృక్ష' తీశారు. ఎస్.ఎల్. భైరప్ప నవల అది. ఇద్దరికీ కలిపి ఉత్తమ దర్శకత్వానికి జాతీయ పురస్కారం దక్కింది. మనవాళ్ళకు ఈ కథ బాపు గారి 'వంశవృక్షం' (1980) ద్వారా తెలుసు. అనిల్ కపూర్ తెలుగులో నటించిన ఆ చిత్రం గురించి మాట్లాడుకునేటప్పుడు కన్నడ మాతృకను తలుచుకునేవారు అరుదు. తరువాత 'చోమన దుడి'. 1977లో మళ్ళీ కర్నాడ్‌తో కలిసి 'తబ్బలియు నీనాదె మగనె', అదే హిందీలో 'గోధూళి'. ఇతరుల చిత్రాలకు సంగీతం కూర్చి 1976లో 'ఋష్యశృంగ'కు, 1977లో 'ఘటశ్రాద్ధ'కు మరో రెండు జాతీయ పురస్కారాలు పొందారు. ఆరేడేళ్ళ వ్యవధిలో ఇన్ని వచ్చిన మనిషి ఇంక ఏం చేయాలి? మన లోకజ్ఞానం ప్రకారమైతే బెంగుళూరులోనో మద్రాసులోనో కార్యాలయం తెరిచి, ఏడాదికొక చిత్రం తీస్తూ, నాటకం గురించి అడిగినవారికి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చాలి.

కారంత్ గారు 1977లో ఢిల్లీ వెళ్ళి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డైరెక్టరు పదవిలో కూర్చున్నారు. అల్కాజీ వంటి దిగ్గజం ఖాళీ చేసిన కుర్చీ అది. స్వర్ణకమలం చేతిలో ఉన్న దర్శకుడు తిరిగి నాటకం బడికి పోవడాన్ని ఏమనాలో మన భాషలో మాట లేదు. నాటకం నుంచి సినిమాకు పోతే 'ఎదిగాడు' అంటాం. ఎదురు దిశలో నడిచినవాడిని ఏమంటాం? పడిపోయాడనలేం, ఎదిగాడనడానికి నోరు రాదు.

ఆయన నడక మొదటినుంచీ అలాగే ఉంది. 1929లో బంట్వాళ తాలూకా మంచి గ్రామంలో పుట్టారు. బాబుకోడి ఇంటిపేరు. చిన్నతనంలోనే ఇల్లు విడిచి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరిపోయారు. ఆ కంపెనీ ఆనాటి కన్నడ దేశానికి నాటకం బడి, సంగీతం బడి, అన్నం పెట్టే ఇల్లు కూడా. కుర్రవాడిలో వెలుగును కనిపెట్టిన వీరణ్ణ గారు అతన్ని చదువుకోమని కాశీకి పంపించారు. అక్కడ హిందీలో ఎం.ఏ. చదువు ఒకపక్క, ఓంకార్‌నాథ్ ఠాకూర్ గారి దగ్గర హిందూస్తానీ సంగీతం మరొకపక్క. ఆ తరువాత ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, 1962లో పట్టా. అంటే వృత్తి నాటకాల పెట్రోమాక్స్ వెలుతురునూ, ఢిల్లీ ఆధునిక నాటకశాలనూ ఒకే ఒంట్లో మోసినవాడాయన. ఒకదాని కోసం రెండవదాన్ని చిన్నచూపు చూడవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

డెబ్బైల ఆరంభంలో బెంగుళూరులో ఆయన చేసిన 'ఈడిపస్', కంబార రాసిన 'జోకుమారస్వామి', ఆ తరువాతి 'హయవదన', 'సత్తవర నెరళు' కన్నడ నాటకాన్ని ఒక్క కుదుపు కుదిపి నిలబెట్టాయని కన్నడిగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 'సత్తవర నెరళు'లో పురందరదాసు పదాలను వేదిక మీద పాడించిన తీరు గురించి విన్నవారు చెబుతుంటే అసూయ కలుగుతుంది. ఢిల్లీలో 1979లో షేక్‌స్పియర్ 'మాక్‌బెత్'ను 'బర్నమ్ వన' పేరుతో హిందీలో, యక్షగానపు అడుగులతో ఆడించారు. 1982లో ప్రారంభమైన భోపాల్ భారత్ భవన్‌లో రంగమండల్‌ను నిర్మించి, బుందేలీ వంటి ప్రాంతీయ పలుకుబళ్ళను పెద్ద వేదిక ఎక్కించారు. 1989లో మైసూరులో కర్ణాటక ప్రభుత్వం 'రంగాయణ'ను స్థాపించినప్పుడు దానికి తొలి సారథి ఆయనే. కళాకారులకు నెలజీతమిచ్చి, ఏళ్ళ తరబడి ఒకచోట కలిపి ఉంచి, నాటకమే పనిగా చేయించిన సంస్థ అది. ఆయన 2002లో కాలం చేసినా రంగాయణ నేటికీ నడుస్తోంది.

ఇలా చెప్పుకుంటూ పోతే స్తోత్రపాఠం అవుతుంది. రెండవ పక్షం కూడా చెప్పాలి. కారంత్ గారు ఏ ఒక్కచోటా నిలకడగా ఉండలేదు. ఢిల్లీలో నాలుగేళ్ళు, భోపాల్‌లో ఐదేళ్ళు, మైసూరులో ఆరేళ్ళు. భోపాల్ అధ్యాయం ముగిసిన తీరు గౌరవప్రదమైనది కూడా కాదు. 1986లో రంగమండల్ నటి ఒకరు తీవ్రంగా కాలిన గాయాలపాలైన ఘటనలో ఆయన అరెస్టయ్యారు, దేశమంతా పత్రికల్లో రాశారు, ఆయన పని అక్కడితో తెగిపోయింది. నివాళి వ్యాసాలు రాసేవారు ఈ పేరాను నెమ్మదిగా దాటేస్తుంటారు. దాటేయడం ఆయనకు మేలు చేయదని నా అభిప్రాయం. గాయపడిన ఆ నటికి అసలే చేయదు. గొప్పవాడు గనుక గతంలోంచి కొన్ని పుటలు చింపివేద్దామనే అలవాటు మన సాహిత్యలోకానికి కూడా ఉంది. దాని వల్ల మనకు మిగిలేది బొమ్మలే, మనుషులు మిగలరు. వైదేహి గారు అక్షరబద్ధం చేసిన ఆయన ఆత్మకథకు పెట్టిన పేరు 'ఇల్లిరలారె, అల్లిగె హోగలారె'. ఇక్కడ ఉండలేను, అక్కడికి పోలేను అని తెలుగు చేసుకోవచ్చు. ఆ పేరులోనే ఆయన అశాంతి అంతా ఉంది.

ఇక నా సొంత తప్పు చెప్పుకుంటాను. ఇది చెప్పకుండా పై మాటలన్నీ రాసే అర్హత నాకు లేదు.

తొంభైలలో కారంత్ గారు హైదరాబాదు వచ్చారు. వచ్చింది సినిమా తీయడానికి కాదు, మన సురభి వాళ్ళతో పని చేయడానికి. అప్పుడు నేను నగరంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి. కార్యశాల నిర్వహించి, సురభి కళాకారులతో ఆయన మూడు నాటకాలు తయారు చేయించారు. అవి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ'. మూడవది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు తెలుగు అవతారం. లోకంలో ఒక్క మంచి మనిషైనా ఉన్నాడా అని వెతుక్కుంటూ దేవుళ్ళు దిగి రావడం, వారికి ఆశ్రయమిచ్చిన పేదరాలు మంచిగా ఉంటే బతకలేక, బతకాలంటే మంచిగా ఉండలేక రెండు మనుషులుగా చీలిపోవడం మూలకథ. ప్రదర్శన ఉందని పత్రికలో చిన్న వార్త చదివాను. వెళదామని మిత్రుడితో అనుకున్నాను కూడా. ఆ సాయంత్రం వాన పట్టింది. నాటకానికి రెండు బస్సులు మారాలి, సినిమా హాలు మా గదికి నడిచిపోయే దూరం. సినిమాకు పోయాము. ఏ సినిమాకు పోయామో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఆ సినిమా ఏదైనా, కావాలంటే ఇవాళ రాత్రే మళ్ళీ చూడగలను. ఆ నాటకాన్ని మాత్రం ఎన్ని రూపాయలు పోసినా చూడలేను. చూపించగలిగిన మనిషి లేడు, ఆ రోజు వేదిక మీద ఉన్నవారిలో ఎంతమంది ఉన్నారో, ఉన్నవారికి ఎంత జ్ఞాపకముందో! ఒక దర్శకుడి జీవితంలో నిలవని భాగమంటే ఏమిటో నాకు ఆ విధంగా తెలిసివచ్చింది.

సురభి గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి 'కీచకవధ'తో మొదలైన సంప్రదాయం. కుటుంబాలకు కుటుంబాలే నాటకంలో పుట్టి నాటకంలో పెరగడం, ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం, తీగల మీద నారదుడు దిగిరావడం, ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి దూకడం... ఇవి మనం మురిసిపోయే సంగతులు. కారంత్ గారు వచ్చి ఈ తీగలు తెంపండి, ఇది పాతకాలపు చిట్కా అని ఉండవచ్చు. ఢిల్లీలో చదువుకున్న చాలామంది ఆ మాటే అనేవారు. లేదా ఇది మహత్తరమైన ప్రాచీన సంపద, దీని మీద చెయ్యి వేయకండని భక్తిగా దణ్ణం పెట్టి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఇది మన ప్రభుత్వాలకు బాగా అలవాటైన పని. ఆయన ఈ రెండూ చేయలేదు. భీష్ముడి వంటి పురాణ పాత్రనూ, బస్తీలో బతికే యాదమ్మనూ అదే కళాకారుల చేతిలో పెట్టారు. వీరు నటులు, వీరు ఏదైనా ఆడగలరు అని నమ్మినవాడే ఆ పని చేయగలడు. గుబ్బి కంపెనీలో కుర్రవాడిగా తిరిగిన మనిషికి గనుక ఆ నమ్మకం సహజంగా కలిగింది కాబోలు. సురభి డేరాలో ఆయన తన బాల్యాన్ని చూసి ఉంటారని నా ఊహ.

ఆ తరువాత మనం ఏం చేశాం? మెచ్చుకున్నాం. సురభి నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ వస్తే సంతోషించాం. అదే ఏడాది సురభి వారు ఫ్రాన్సులోని మెజ్ నగరంలో నాటకాలాడి వచ్చారంటే గర్వపడ్డాం. 2022లో బాబ్జీ గారు కన్నుమూస్తే బాధపడ్డాం. ఈనాటికీ సురభి అనగానే జనం అడిగేది 'మాయాబజార్', 'పాతాళభైరవి'. అందులో తప్పేమీ లేదు, నేనూ అడుగుతాను. కానీ కారంత్ గారు తెరిచిన రెండవ తలుపు గుండా వరుసగా ఎంతమందిని పంపించాం? మూడేళ్ళో ఐదేళ్ళో అక్కడే ఉండి పని చేయమని, జీతమిచ్చి, ఒక్క దర్శకుడినైనా ఆ కుటుంబాల దగ్గర కూర్చోబెట్టామా? కన్నడిగులకు రంగాయణ ఉంది. రెండు రాష్ట్రాలుగా ఉన్న తెలుగువారికి అటువంటి సంస్థ ఇంతవరకూ స్థిరపడలేదు. మన విశ్వవిద్యాలయాల్లో నాటక శాఖలున్నాయి, పరిషత్తుల పోటీలున్నాయి. వాటిలో తయారైనవాడికి మర్నాటినుంచి అన్నం పెట్టేది మాత్రం సినిమా లేదా టీవీ.

ఇది ఈనాటి జబ్బు కూడా కాదు. గరికపాటి రాజారావు గారిని తలుచుకోండి. వృత్తిరీత్యా వైద్యుడు, ప్రజానాట్యమండలిని నిలబెట్టినవారిలో ముఖ్యుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు తెలంగాణ రైతుల భూపోరాటం మీద రాసిన 'మాభూమి' నాటకాన్ని ఊరూరా ఆడించిన దర్శకుడు. ప్రభుత్వం నిషేధించేటంత బలమున్న నాటకమది. నేనుంటున్న ఈ తెలంగాణ నేల మీది పేదల గోడును కోస్తా పల్లెలకు మోసుకుపోయిన మనిషి ఆయన. మరి ఆయన గురించి మనకు వెంటనే గుర్తొచ్చే వాక్యమేమిటి? 1953లో 'పుట్టిల్లు' సినిమా తీసి జమునను పరిచయం చేశారని! అది నిజమే, అది కూడా గొప్పే. వేలమంది చూసి కదిలిపోయిన నాటకం ఒక పేరుగా మిగిలి, ఒక్క సినిమాలో ఒక్క నటి పరిచయం ఆయన జీవితఫలమైపోయింది. కారంత్ గారి విషయంలోనూ మనం చేస్తున్నది అదే.

"సినిమా కోట్లమందికి చేరుతుంది, నాటకం మూడువందల మందికి. ప్రజల కోసమే అయితే సినిమాయే తీయాలి గదా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. కిరాణా కొట్టు పెద్దాయన సంగతి నేనే మొదట చెప్పాను గనుక ఈ వాదాన్ని కొట్టిపారేయలేను. 'చోమన దుడి' సినిమా కాకపోతే రావిర్యాలకు వచ్చేదే కాదు. అయితే ఆ సినిమాలోని బలం ఎక్కడిదో కూడా చూడాలి. దానికి సంగీతం కూర్చినది దర్శకుడే. మాటల్లో చెప్పవలసినవన్నీ ఆయన దుడి చేత చెప్పించారు. కొట్టు పెద్దాయనకు కన్నడం రాకపోయినా కథ అందింది అందుకే. చప్పుడును పాత్రగా నిలబెట్టే ఆ విద్య ఆయనకు కెమెరా నేర్పలేదు, గుబ్బి కంపెనీ నేర్పింది, యక్షగానం చెండె నేర్పింది. సినిమా పండు అయితే చెట్టు నాటకం. మనం పండును అద్దాల బీరువాలో దాచి, చెట్టుకు నీళ్ళు పోయడం మానేశాము. ఆ విద్యను కారంత్ గారు నాటకం బడుల్లో పంచిపెట్టారు. ఆయన చేతి కింద నటనో సంగీతమో నేర్చుకున్నవారి పనిలో అది ఎక్కడెక్కడ పలుకుతున్నదో ఏ పురస్కారాల పట్టికా చెప్పలేదు.

రావిర్యాల నుంచి లింగంపల్లి సురభి కాలనీకి ఇప్పుడు రెండు బస్సులు మారనక్కరలేదు. ఔటర్ ఎక్కితే గచ్చిబౌలి, అక్కడినుంచి కాసేపట్లో లింగంపల్లి. ఒకప్పుడు వానను సాకుగా చూపించినవాడికి ఇప్పుడు ఏ సాకూ మిగల్లేదు. పోయిన ఆదివారం వెళ్ళి వెనక వరుసలో కూర్చొని 'మాయాబజార్' చూసి వచ్చాను. బాగుంది. లడ్లు ఎగిరినప్పుడు నా ముందున్న పిల్లవాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది చాలునని కొంతసేపు అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఔటర్ మీద విమానం ఒకటి తల మీదుగా దిగుతుంటే, యాదమ్మ ఇప్పుడుంటే ఏ బస్తీలో ఉండేదా అని ఆలోచన వచ్చింది. బహుశా ఇక్కడే, ప్లాట్లయిపోయిన ఈ చెలకల మధ్య, కాపలాదారు గుడిసెలో. ఆ కథను ఆడగలిగిన కళాకారులు నగరానికి ఆ చివర ఉన్నారు, ఆ కథ ఈ చివర జరుగుతోంది. మధ్యలో లేనిది ఒక దర్శకుడు.

చివరిగా ఒక విన్నపం. ఇది చదువుతున్నవారిలో గాని, మీ ఇంట్లో పెద్దవారిలో గాని ఆ మూడు నాటకాలలో ఏ ఒక్కటైనా చూసినవారుంటే దయచేసి రాయండి. సమీక్ష రాయనక్కరలేదు. తెర లేచినప్పుడు మొదట ఏ చప్పుడు వినిపించింది, యాదమ్మ ఏ రంగు చీర కట్టుకుంది, మీ పక్కన కూర్చున్నవారు ఎక్కడ నవ్వారు, ఎక్కడ నిశ్శబ్దమైపోయారు అన్నవి చాలు. సినిమాకు రీలు ఉంటుంది. నాటకానికి ఉన్న రీలు చూసినవారి జ్ఞాపకమే, అదీ ఏటేటా కొంత కరిగిపోతోంది. ఆ సాయంత్రం నేను వెళ్ళలేదు. వెళ్ళినవారు చెబితే, ముప్పయ్యేళ్ళు ఆలస్యంగానైనా వెనక వరుసలో నాకొక చోటు దొరుకుతుందని ఆశ.